నెమలి తోకలో నవ్వు

పెళ్లిళ్లకి వీడియోలు తీసిన బాబాయ్, ఎవరూ పట్టుకెళ్లని సీడీలను ఇప్పుడు వేడినీళ్లలో నానబెట్టి, కత్తెరతో ముక్కలు చేసి, పూలకుండీల మీద నెమళ్లుగా అతికిస్తున్నాడు. కోసేముందు ప్రతి సీడీ చివరిదాకా చూస్తాడు. "పిలవని పెళ్లికి మళ్లీ వెళ్లొచ్చారా?" అని పిన్ని దెప్పుతుంది. జీవితమంతా అందరినీ నవ్వమన్న మనిషి, తను మాత్రం నవ్వడు.

మొన్న ఒకావిడ వచ్చింది. "మా నాన్న పోయారు బాబాయ్. ఆయన నవ్వు నా పెళ్లి సీడీలోనే ఉంది. ఇవ్వండి."

బాబాయ్ ఒక కుండీ తెచ్చి, నెమలి తోక చూపించాడు. "ఇదేనమ్మా."

ఆవిడ ఆ ముక్కల్ని వేలితో తడిమింది. "కోసేముందు చూశారా? ఎలా నవ్వారు?"

బాబాయ్ కత్తెర పక్కన పెట్టి, పొట్ట పట్టుకుని, కీచుగొంతుతో విరగబడి నవ్వాడు. ఏమైందోనని పిన్ని లోపల్నుంచి పరుగెత్తుకొచ్చింది.

"ఇంకోసారి బాబాయ్," అంది ఆ కూతురు.