తువ్వాల కింద ఎంచిన నూనె

మా అక్క మొగుడికి నిజామాబాద్‌లో పసుపు వ్యాపారం. అరవైల్లో ఒక ఏడు ఆయనకు నిజాంసాగర్‌లో చేపల గుత్త దొరికింది. వెంటనే బొంబాయి నుంచి పడవ వెనక తగిలించే పాత మోటారు ఒకటి తెప్పించాడు. బోధన్‌లో నాది నూనెల దుకాణం. చెరకు లారీలకూ పంపుసెట్లకూ నా దగ్గరే కొనేవాళ్ళు. అలాంటి బామ్మర్దిని ఉంచుకుని, మోటారుకు ఏ నూనె పోయాలో మా బావ ఊరందరినీ అడిగాడు. నన్ను చివర అడిగాడు. అది నేను మరిచిపోలేదు.

ఆ మోటారులో నూనె పోసే చోటు విడిగా లేదు. పెట్రోలులోనే కలపాలి. అది పెట్రోలుతో పాటు మసి మిగలకుండా కాలాలి. అప్పటి స్కూటర్ల పద్ధతీ అదే. పడవ మోటార్ల నూనె మా బజారులో ఉండేది కాదు కాబట్టి స్కూటర్ నూనే దగ్గరిదని చెప్పాను.

"గిది నీళ్ళ మోటరు బామ్మర్దీ. స్కూటర్ నూనె బోస్తె రోడ్డు మీదికి ఉరుకుతదా ఏంది?" అన్నాడు బావ. అందరూ నవ్వారు.

చెరకు లారీ డ్రైవరు తన లారీ నూనె పోయమన్నాడు. బావ తండ్రి మాత్రం ఆముదమే అన్నాడు. "ఇరుసుకు ఆముదం బెడితె చెరుకు బండి ఫ్యాక్టరీ దాక కుయ్యిమనకుంట పోతది. గిదెంత?"

తెగలేదు. అప్పుడు బావ భుజం మీది తువ్వాల తీశాడు. పసుపు బేరాలు అలాగే జరిగేవి: తువ్వాల కింద చెయ్యి పెట్టి, వేళ్ళు పట్టి ధర చెప్పాలి, పక్కవాడికి తెలియకూడదు. ఒక వేలు పడితే లారీ నూనె, రెండు పడితే ఆముదం, మూడు పడితే స్కూటర్ నూనె. ముగ్గురం ఒకరి తర్వాత ఒకరం బావ వేళ్ళు పట్టాం. నేను మూడు వేళ్ళూ గట్టిగా నొక్కాను.

"ఇద్దరు ఆముదమన్నరు," అన్నాడు బావ.

"ఇంకొకరెవరు?" అన్నాను. లారీ డ్రైవరు తల అడ్డంగా ఊపి ఒట్టు పెట్టుకోబోయాడు.

"తువ్వాల కింది ముచ్చట బయట దీస్తరా? బజార్ల గిదేనా రివాజు?" అని బావ కసురుకున్నాడు.

మర్నాడు పెట్రోలులో ఆముదం కలిపారు. తాడు లాగి లాగి బావ చొక్కా తడిసింది. చివరికి మోటారు రాజుకుంది. పడవ వెనక తెల్లటి పొగ, బాలింత గదిలో వచ్చే వాసన. సాగర్ నడుమకు వెళ్ళేసరికి రెండు దగ్గులు దగ్గి ఆగిపోయింది. జాలరులు నవ్వు ఆపుకుంటూ తెడ్లు తీసుకున్నారు.

ఒడ్డుకు వచ్చాక నేనే ట్యాంకు ఖాళీ చేశాను, ప్లగ్గు తుడిచాను, నా నూనె కలిపిన పెట్రోలు పోశాను. రెండోసారి లాగగానే మోటారు అందుకుంది. నాకు కావలసింది ఒక్క మాట. "నువ్వు జెప్పిందే నిజం బామ్మర్దీ" అని అందరి ముందూ ఆయన అనాలి.

బావ మోటారు వైపు మెచ్చుకోలుగా చూశాడు. "సూసిన్రా, ఆముదం కడుపంత సాఫ్ జేసింది. గందుకే గిప్పుడు గింత మంచిగ నడుస్తుంది."

అందరూ అవునన్నారు. లారీ డ్రైవరు కూడా.

తర్వాత కొన్నాళ్ళకు బావ జీతగాడు నా దుకాణానికి డబ్బా పట్టుకుని వచ్చాడు. "సేటు స్కూటర్‌కు నూనె గావాల్నట." మా బావకు స్కూటర్ లేదు. నడపడమూ రాదు. అయినా పోసి పంపాను. గుత్త ఉన్నన్నాళ్ళూ ఆ డబ్బా వస్తూనే ఉంది.

మేనకోడలి పెళ్ళిలో, పంక్తి మధ్యలో, అందరూ వినేలా అడిగాను. "బావా, నీ స్కూటర్ ఎట్లుంది?"

బావ అన్నం కలుపుతూ తల కూడా ఎత్తలేదు.

"మంచిగున్నది. మొన్నటి వానకు జర తడిసింది."