అమ్మగారు దాచిన గంట కమ్మి

"డిగ్రీ చదివింది ఇందుకేనా? ఊరూరా తిరిగి కాలేజీ పిల్లోళ్ళకు పాటలు నేర్పిచ్చేదానికా?"

"పాటలు ఒక్కటే కాదవ్వా. చర్చి తరఫున యూత్ సేవకు ఏడాది ట్రైనింగ్ అది. అయిపోయినంక కాలేజీ పిల్లల మధ్యనే పని ఇస్తారు."

"మన పాలెంలో గుప్పెడు మందిని ఆదివారం యూత్ మీటింగులో కూర్చోబెట్టలేకపోతివి. యాడనో ఉండేవాళ్ళను కూర్చోబెడతావా?"

"గ్రూపులో మెసేజ్ పెడతానే ఉండా గదా! చూసి కూడా రాకపోతే నేనేం చేసేది?"

మొన్న సాయంత్రం నాకూ నా మనవరాలికీ జరిగిన గొడవ ఇది. నంద్యాల ట్రైనింగ్‌కు వస్తుందో రాదో మరునాటికల్లా తను చెప్పాలి. "మీ అవ్వ సరే అంటే పో" అని నా కొడుకు భారం నా మీదికి నెట్టి పనికి పోయాడు.

నాకు కాలు ఒకచోట నిలవలేదు. ఊడ్చిన వాకిలే మళ్ళీ ఊడ్చాను. ఎవరూ లేని గదిలో తిరుగుతున్న ఫ్యాను ఆపి వచ్చాను. దేవుని పని, కాదనలేను. జీతం తక్కువ, తిరుగుడు ఎక్కువ, ఔననలేను. అన్నిటికీ మించి ఆ మెసేజ్ మాట మనసులో గుచ్చుకుంది. అలాంటి మాటే ఒకసారి వేరే నోట విన్నాను.

నా చిన్నప్పుడు, నన్ను బడి మాన్పించిన ఏడాది వేసవిలో, మా పాలేనికి ఒక కాలేజీ అక్క వచ్చింది. పిల్లల్లో, పడుచువాళ్ళలో సేవ చేయడం నేర్చుకోమని ఆమెను మా పాస్టరు గారి భార్య దగ్గర పెట్టారు. పాస్టరు గారి భార్యను మేమంతా అమ్మగారు అనేవాళ్ళం. అక్క ఇస్త్రీ చీర కట్టుకుని, ఎండ ముదిరే వేళకు వచ్చి, చర్చి ముందు గంటగా వేలాడే రైలుపట్టా ముక్కను ఇనుపకమ్మితో కొట్టేది. ఆ మోత దూరాన ఉన్న తర్లుపాడు దాకా పోతుందని మా నాయన ఎగతాళి చేసేవాడు. బైబిలు పాఠాలకు పిల్లలు మాత్రం రాలేదు. రానికొద్దీ అక్క ఇంకా గట్టిగా కొట్టేది. చివరికి ఒకరోజు అమ్మగారి ముందు కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "గంట కొడుతూనే ఉన్నాను కదమ్మా, రాకపోతే నేనేం చేయను?"

ఆ మరుసటి రోజు కమ్మి కనబడలేదు. నేను మజ్జిగ కోసం వాళ్ళింటికి పోయినప్పుడు అమ్మగారు దాన్ని తవుడు డబ్బాలో దాస్తూ నా కంటపడింది. నన్ను చూసి నోటి మీద వేలు పెట్టుకుంది. ఇక గంట లేదు కాబట్టి అక్క ఇల్లిల్లూ తిరిగి పిలవాల్సి వచ్చింది.

మా ఇంటికి వచ్చేసరికి నేను చింతపండు కొడుతున్నాను. వేసవిలో మా పాలెం పిల్లలకు అదే పని. షావుకారు గంపలు ఇంటికే పంపేవాడు, గింజ తీసి ఇవ్వాలి. "ఇది కాకుండా లేస్తే మా యమ్మ కొడతాది అక్కా" అన్నాను. అక్క గంప వైపు చూసి, కొంగు దోపుకుని కూర్చుని సుత్తి అందుకుంది. కొట్టీ కొట్టగానే దెబ్బ వేలి మీద పడింది. నాకు నవ్వు ఆగలేదు. ఆమె కూడా నవ్వింది. గింజలు తీస్తూ నా పేరు అడిగింది. బడి ఎందుకు మానావని అడిగింది. అంతవరకూ ఆ మాట నన్ను ఎవరూ అడగలేదు.

ఆ వేసవంతా ఆమె పాఠాలు మా వాకిళ్ళలో, చింతపండు గంపల చుట్టూనే జరిగాయి. అమ్మగారు కమ్మి తిరిగి ఇచ్చినా ఆమె దాన్ని ముట్టలేదు.

నాకు అప్పటినుంచీ ఒక అలవాటు. ఆదివారం ఎవరైనా చర్చికి రాకపోతే సోమవారం వాళ్ళ గడపలో ఉంటాను. నాలుగు తిట్టాలనే పోతాను. కానీ ముందు, ఎందుకు రాలేదో అడుగుతాను.

ఇదంతా మనవరాలికి చెప్పాను. "కథ బాగుంది గానీ, నన్ను పొమ్మన్నట్టా, వద్దన్నట్టా?" అని విసుక్కుంది. "పండుకో పో, కరెంటు దండగ" అన్నాను.

తెల్లారి లేచేసరికి తను ఇంట్లో లేదు. తన కోసం నేను పెట్టిన టీ చల్లారిపోయింది. ఎండెక్కాక కాళ్ళ నిండా దుమ్ముతో వచ్చింది.

"అవ్వా, పై వీధి పిల్ల యూత్ మీటింగుకు రాకుంటే నామీద అలిగిందనుకుంటి. వాళ్ళమ్మ మంచాన పడిందంట. ఈ పిల్లే మిరపకోతలకు పోతాంది. పరీక్షలు గూడా రాయలేదంట."

అన్నం పెడతానన్నా కూర్చోలేదు. "ఇంకా కొన్ని ఇండ్లు ఉండాయి, పోయొస్తా" అని వీధిలోకి నడిచింది.

నేను నా కొడుక్కి ఫోను చేసి, పిల్ల నంద్యాల పోతుందని చెప్పాను.