పడటం నేర్చుకున్న రాధాబాయి

జహనుమా బస్తీలో రాధాబాయి మెట్లు దిగడం మానేసిన సంగతి కాకులక్కూడా తెలుసు. వానాకాలంలో డాబా మీద జారి, కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. చేయి ఉబ్బిపోతే గాజులు పగలగొట్టి కట్టు కట్టారు. ఎముక అతుక్కుంది, భయం మాత్రం పోలేదు. లాడ్ బజార్‌కు వెళ్లి మళ్లీ గాజులు తొడిగించుకోవాలని ఆమె ఆశ. భర్త రామానుజం కొనుక్కొస్తానంటే ఒప్పుకోదు. గాజులామె చేతిని మెత్తగా పిసికి, ఒదిగించి తొడగాలి. పొట్లంలో వచ్చేవి కూడా గాజులేనా?

కింది వాటాలో కాషిఫ్ పిల్లలకు జూడో నేర్పుతాడు. పదో తరగతి తప్పి బడి మానేశాడు. శంషాబాద్ దాటింది లేదు గానీ, మాటలు వింటే మాత్రం జపాను వాళ్లు సందేహమొస్తే అతనికే ఫోన్ చేస్తారనిపిస్తుంది.

"ఏంది కాషిఫ్, పొద్దుగాల్నే గా ధబ్ ధబ్ లొల్లి? పిల్లలను కొడుతున్నవా?" అని ఒకరోజు పైనుంచే అడిగింది.

"కొడుతలేనమ్మా. పడుడు నేర్పుతున్న."

"అది గూడ నేర్పాల్నా? నేను ఫీజు లేకుండనే నేర్చుకున్న."

"మీది పడుడు కాదమ్మా, కూలుడు. మాది ఉకెమి. జపాన్ల 'ఉకె' అంటే అందుకొనుడు, 'మి' అంటే ఒళ్లు. జమీన్ మీదికొస్తే ఒళ్లంతటితోని అందుకోవాలె. మీరు ఒక్క చెయ్యితోని ఆపబోయిన్రు."

మరుసటి రోజే పరుపొకటి మోసుకొచ్చి పరిచాడు. మొదట కూర్చున్నచోటి నుంచే వెనక్కి దొర్లించాడు. గడ్డం ఛాతీకి ఆనించాలి, తల నేలకు తగలొద్దు, అరచేయి, ముంజేయి కలిపి పరుపును చరచాలి. రామానుజం గుమ్మంలో గుండె చేత పట్టుకుని నిలబడేవాడు. చలికాలానికి ఆమె నిలబడి కూడా పడగలిగింది, పరుపు మీద.

మెట్ల దగ్గర మాత్రం కాళ్లు రాలేదు. రెయిలింగ్ పట్టుకుని నిలబడిపోయింది.

కాషిఫ్ ఆమెకు ఎదురుగా, వెనక్కి వెనక్కి దిగసాగాడు. "ఫికర్ జేయకున్రి, నేనున్న. ఒకసారి ఫలక్‌నుమా బ్రిడ్జి మీదికెల్లి పడితే, కింద పోయే రైలుకే దెబ్బ తాకింది గాని..."

అతని మడమ తప్పింది. అడుగున ఉన్న మూడు మెట్లూ ఒకేసారి దిగాడు. గడ్డం లోపలికి, అరచేయి నేలకు, ఒక దొర్లు. లేచి దుమ్ము దులుపుకుని, "చూసిన్రా, గిదే ఉకెమి," అన్నాడు.

"జమీన్ నిన్ను మస్తు అందుకున్నది బిడ్డా."

నవ్వాపుకోలేక రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. రెయిలింగ్ వదిలేసినట్టు కాసేపటికి గానీ గమనించలేదు. అలాగే నవ్వుతూ దిగింది.

సాయంత్రం లాడ్ బజార్ నుంచి వచ్చి, ఆకుపచ్చ గాజుల చేతులు రెండూ కాషిఫ్ ముందు చాచింది. "నీ పుణ్యం బిడ్డా."

వారం తిరక్కుండా కాషిఫ్ ఆ మెట్ల సంగతిని వీధిలో కథగా చెప్పసాగాడు. ఆ కథలో జారింది రాధాబాయే. మెట్ల మీద మూడు పల్టీలు కొట్టి, నిలబడి, కొంగు సర్దుకుంది. నిజమేనా అని వీధిలో వాళ్లడిగితే, ఆమె గాజులు సవరించుకుని, "మూడు కాదు, నాలుగు," అంది.