పొంగాల్సిన రొట్టె

ఆ ఏడాది నా చదువు ఒక జొన్నరొట్టె మీద ఆధారపడింది. ఉరవకొండలో స్కూలు చదువు అయిపోయింది. అనంతపురం కాలేజీలో చేరాలని నా కోరిక. నోరు విప్పి అడగలేక తిండి తగ్గించాను. నాయనకు విషయం అర్థమైంది కానీ, అమ్మ అడ్డం పడింది.

"రొట్టె పొంగించేది రాదు దీనికి. కాలేజీకి పోయి ఏం పొంగిస్తాదంట?"

నాయన ఊళ్లో తగువులు తీర్చే మనిషి. ఇంట్లోనూ అలాగే తీర్చాడు. "కాలేజీ తెరిచేలోపల ఒక్క రొట్టె నిండుగా పొంగించనీ. పంపిస్తా."

మా వైపు జొన్నపిండిని ఉడుకునీళ్లతో కలిపి, చేత్తో తట్టి, పెనం మీద కాల్చి, చివర్లో నిప్పుల మీద వేస్తారు. లోపలి ఆవిరికి రొట్టె బుడగలా లేవాలి. అమ్మ రొట్టెలు లేచేవి. నావి ఒక పక్కన పుస్సుమని మళ్లీ పడుకునేవి.

ఇంజనీరింగు చదివే అన్న సెలవులకు వచ్చి ఉన్నాడు. అతని పుస్తకాలు అతనికంటే నేనే ఎక్కువ తెరిచేదాన్ని. ఒకదానిలో పలచని గోడలున్న గోళాకారపు పాత్రల గురించి ఉంది. లోపలి ఒత్తిడి ఆ గోడను అన్ని వైపులకూ సమానంగా లాగుతుందట. గోళం పెద్దదయ్యేకొద్దీ, గోడ పలచనయ్యేకొద్దీ ఆ లాగుడు పెరుగుతుందట. పంచాయతీ ప్రెసిడెంటు అయ్యాక ఉబ్బిపోయి, చిన్న మాటకే పగిలిపోయే మా బంధువు ఒకాయన గుర్తొచ్చి, ఇది నిజమేనని వెంటనే నమ్మాను.

"గోడ ఒకచోట పలచగా ఉంటే?" అని అన్నను అడిగాను.

"ఆడ్నే సాగుతాది, ఆడ్నే చినుగుతాది. యాల?"

"రొట్టె కోసం."

అన్న పడీపడీ నవ్వాడు. "రొట్టె యాడ గోళమే? అది ఉబ్బిన పల్లెం. అంచుకాడ వంగుతాది, ఆ లెక్క వేరే. మా సార్లకే సరిగ్గా రాదు. నీ రొట్టె గూడా అంచుకాడే గదా పగిలేది?"

ఆ రోజు నుంచి నా రొట్టెలు నేనే చించి చూశాను. మధ్యలో దిబ్బ, అంచున కాగితం. సిగ్గరిని కదా, పిండిని కూడా వేళ్ల కొసలతోనే తాకేదాన్ని. ఇక అరచెయ్యి నిండుగా ఆనించి, రొట్టెను తిప్పుతూ తట్టడం మొదలుపెట్టాను. చించినవన్నీ అన్న తిన్నాడు. శాస్త్రానికి అతను చేసిన సేవ అదొక్కటే.

ఒక పొద్దున నాయనను పిలిచాను. ఆయన పొయ్యి ముందు పీట వేసుకుని కూర్చున్నాడు. రొట్టె నిప్పుల మీద కదిలింది, ఒక మూల లేచింది, తర్వాత మొత్తం ఉబ్బింది. నాయన ముచ్చటపడి వేలితో పొడిచాడు. ఆవిరి ఆయన వేలిని కాల్చింది. రొట్టె కూలబడింది.

"పగిలిపాయ," అంది అమ్మ.

"నేను పొడిస్తే పగిలింది. అది లెక్కలోకి రాదు," అన్నాడు నాయన, వేలు నోట్లో పెట్టుకుని.

"లోపల అంత ఒత్తిడి ఉండేదాన్ని పొడుస్తారా నాయనా?" అన్నాడు అన్న.

"ముందే చెప్పాల్సింది గదరా. ఇంజనీరంట."

అమ్మ ఒప్పుకోలేదు. "ఇంగోటి కాల్చమను. నిలిస్తే చూద్దాం."

ఇంకోటి లేస్తుందన్న నమ్మకం నాకు లేదు. అందుకే నోరు విప్పి అనేశాను. "నాయన పొంగించమన్నాడు. నిలబెట్టమని చెప్పలేదు."

అమ్మ నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూసింది. తర్వాత కూలబడిన రొట్టె తీసి నాయన పళ్లెంలో వేసింది.

"ఇంత నోరు పెట్టుకొని ఇది యా అత్తకాడ బతుకుతాది? కాలేజీకే పంపించు."