అడుగున ఒక వేలు లోతు

పాన్ రింతెన్‌కు ఎవరిమీదా నమ్మకం ఉండేది కాదు. రింతెన్ అనే కూతురు పుట్టినప్పటినుంచీ ఊరు అతన్ని అలాగే పిలిచేది; పాన్ అంటే తండ్రి. అసలు పేరు ఏదైతేనేం, దానికి బదులు అనుమానం అని పెట్టాల్సిందని ఆడవాళ్లు వడ్లు దంచుతూ నవ్వుకునేవారు. ఎవరైనా బాతుగుడ్డు ఇస్తే చెవి దగ్గర పెట్టి ఊపి చూసేవాడు. గుళ్లో తీర్థం పోస్తుంటే పక్కవాడి దోసిట్లో ఎంత పడిందో ఓరకంట చూసేవాడు. చెడ్డవాడా అంటే కాదు, పాపం. కాలవ చివరి పొలంవాడి బతుకే అంత. పైవాళ్లందరూ తడుపుకున్నాక మిగిలిందే అతనిది మరి.

పైన వాగుకు అడ్డంగా ఒక పనసదుంగ ఉండేది. దానిలో నీళ్లు పారడానికి చెక్కిన రెండు గంట్లు. పెద్దది ఆరు వేళ్ల వెడల్పు, ఎగువ ఊరి వాటా. చిన్నది నాలుగు వేళ్లు, పాన్ రింతెన్ ఉండే దిగువ ఊరి వాటా. తాతలనాటి లెక్క అది, మార్చడానికి ఎవరికీ హక్కు లేదు. దానికి కాపలా ఉండేవాడు ఎగువ ఊరి పాన్ నేసా. పాన్ రింతెన్ పెళ్లానికి స్వయానా అన్న. తన నీళ్లు బావ చేతిలో ఉంటే ఈ మనిషికి నిద్ర ఎలా పడుతుంది!

ముందటేడు తూర్పున అగుంగ్ కొండ పేలింది. ఇక్కడి ఇళ్లమీద కూడా వారంపాటు బూడిద కురిసింది. జనం చిమ్ముకున్నారు, కడుక్కున్నారు, మరిచిపోయారు. ఆకాశం మాత్రం మరిచిపోలేదు. పొద్దు గుంకేటప్పుడు పడమరంతా నెత్తురు రంగు తిరిగేది. మిట్టమధ్యాహ్నం కూడా ఎండ పలచగా, తెల్లగా ఉండేది. తర్వాతి ఏడు వానలు నెల ఆలస్యంగా వచ్చి, నాలుగు జల్లులు కొట్టి పోయాయి. పాన్ రింతెన్ నారుమడి పచ్చబడాల్సింది పోయి పసుపెక్కింది. బూడిదకు పాడైనవి పాడవగా ఇంట్లో మిగిలిన విత్తనం మొత్తం ఆ మడిలోనే ఉంది. అది పోతే ఆ ఏడు నాట్లు లేవు, తిండీ లేదు.

పాన్ నేసా ఒకసారి నచ్చజెప్పబోయాడు. "కొండ పొగ ఇంకా పైనే ఉంది బావా. ఎండ సరిగ్గా కిందికి దిగట్లేదు. నేల కాగకపోతే సముద్రం మీంచి వానగాలి ఎందుకొస్తుంది? సరస్సు గుడి పూజారి కూడా అదే అన్నాడు."

"ఎక్కడో కొండ పేలితే, ఏడాది పోయాక ఇక్కడ నా కాలవ ఎండిందా? కథ బాగుంది బావా. మా పిల్లకి చెప్పు, హాయిగా పడుకుంటుంది."

నిజానికి పాన్ నేసా చెప్పిందే జరిగింది. కొండ కక్కిన గంధకపు ఆవిరి మేఘాలకంటే ఎత్తుకు పోయింది. అక్కడ వాన ఉండదు కనక కడిగేవాళ్లు లేరు. ఏడాది, రెండేళ్లు అలా పలచని తెరలా నిలిచి ఎండను వెనక్కి తిప్పికొట్టింది. పెద్దయ్యాక రింతెన్ బళ్లో చదువుకుని వచ్చి ఇంట్లో చెప్పిన సంగతి ఇది. అప్పుడు మాత్రం పాన్ రింతెన్‌కు దొంగను పట్టుకోవాలంటే బావ కంటే దగ్గరివాడు ఎవరూ కనపడలేదు.

రోజూ తెల్లారగానే దుంగ దగ్గరికి పోయి వేళ్లు పెట్టి కొలిచేవాడు. ఆరు ఆరే, నాలుగు నాలుగే. అయినా మనసు ఒప్పుకోదు. తను వెనుదిరిగాక ఏదో జరుగుతోందని అతని గట్టి నమ్మకం. నీళ్లు రెండు గంట్లలోనూ తగ్గాయని పెళ్లాం చూపిస్తే, నీ అన్నను వెనకేసుకొస్తున్నావా అని కసిరాడు. ఆమె మళ్లీ నోరెత్తలేదు.

చివరికి ఒకరోజు సద్దిమూట కట్టుకుని వెళ్లి వెదురుపొదలో మాటు వేశాడు. మిట్టమధ్యాహ్నం, జనం ఇళ్లలో తింటున్న వేళ, పాన్ నేసా వచ్చాడు. అటూ ఇటూ చూశాడు. మోకాలిలోతు నీళ్లలో దిగి, వంగి, దుంగమీద ఉలి పెట్టాడు.

పాన్ రింతెన్ గుండె ఝల్లుమంది. భయంతో కాదు, సంతోషంతో. ఇన్నేళ్ల అనుమానం ఒక్కసారిగా నిజమైంది. పొదలోంచి దూకి, వాగు ఒడ్డునున్న నీటిగుడి పక్కన వేలాడే చెక్కడోలు అందుకుని దబదబా బాదాడు. ఆ డోలు మోగిందంటే రెండు ఊళ్లూ రావాల్సిందే. ఒకసారి మోగాక, పొరపాటైందని వెనక్కి పంపడం కుదరదు. పాన్ నేసా తలెత్తి చూశాడు. పారిపోలేదు. "ఆపు బావా, నీకే నష్టం," అన్నాడు మెల్లగా. దొంగ అలాగే అంటాడనుకుని ఇతను ఇంకా గట్టిగా బాదాడు.

అందరూ వచ్చారు. రెండు ఊళ్ల వాటాల తగవులు తీర్చే నీటి పెద్ద దిగి రెండు గంట్లలోనూ చెయ్యి పెట్టి తడిమాడు. ఎగువ ఊరి గంటు అడుగు చెక్కు చెదరలేదు. దిగువ ఊరి గంటు వెడల్పు నాలుగు వేళ్లే, కానీ అడుగు మాత్రం ఒక వేలు లోతుగా చెక్కి ఉంది. చెక్కి కొన్ని వారాలైంది. బూడిద ఒండ్రు చేరి పూడిపోతుంటే ఆ రోజు మళ్లీ గీకుతున్నాడు. ఎప్పుడూ వెడల్పే కొలిచేవారు కనక అడుగు ఎవరూ తడమలేదు. పాన్ రింతెన్ కూడా తడమలేదు.

ఎగువ ఊరివాళ్లు మండిపడ్డారు. ఎందుకిలా చేశావని పెద్ద అడిగితే పాన్ నేసా దాచలేదు. "మా చెల్లెలి నారుమడి ఎండుతోంది. చూస్తూ ఊరుకోలేకపోయా." ఆ మాటతో కాపలా పని పోయింది. ఏడాదిపాటు నీటిగుడి పూజలో అతనికి చోటు లేదన్నారు.

మూడోరోజు కొత్త దుంగ వేశారు. ఫిర్యాదు చేసినవాడి వేళ్లతోనే కొలత తీయాలని కట్టుబాటు. పాన్ రింతెన్ నీళ్లలో దిగాడు. వేళ్లు కాస్త ఎడంగా పెట్టొచ్చునని అతనికి తోచకపోలేదు. కానీ పెద్ద చూస్తున్నాడు, రెండు ఊళ్లూ చూస్తున్నాయి. నాలుగు వేళ్లూ దగ్గరగా బిగించి ఆనించాడు. గట్టుమీద నిలబడ్డ పెళ్లాం అప్పుడు మాట్లాడింది.

"అడుగు కూడా చూసుకో. మళ్లీ ఎవడన్నా నీకు ఎక్కువ ఇస్తున్నాడేమో."

అతను కొత్త గంటులోకి చెయ్యి పోనిచ్చి అడుగంతా తడిమాడు. నున్నగా, సమంగా ఉంది. పెద్ద అడిగితే సరిగ్గానే ఉందన్నాడు. ఆ సాయంత్రం నీళ్లు అతని కాలవలోకి వచ్చి, పాత దుంగ ఉన్నన్నాళ్లూ కాస్తో కూస్తో తడిసిన నారుమడి గట్టుకు రెండు బారల ఇవతలే ఆగిపోయాయి.