గులాబీ చక్కెర తడిసిన ఏడాది

మా చిన్నప్పుడు... సూరత్ నవాగామ్‌లోని మా ఒంటిగది ఇంట్లో ఎండాకాలం మధ్యాహ్నాలు నిమ్మతొక్కల వాసన వేసేవి. అమ్మ తొక్క మీది పచ్చని పొరను మాత్రమే తురిమి, కింది తెల్లని చేదు తగలనీయకుండా, చక్కెరలో వేళ్లతో నలిపేది. చెంచాడు తీసి కుండనీళ్లలో కలిపితే చాలు... షర్బత్ సిద్ధం.

ఏలకుల చక్కెర టీ కోసం. గులాబీ చక్కెర మాత్రం హంసాబెన్ కోసం. ఆమె మా గల్లీ చివర నాన్‌ఖటాయి బిస్కెట్లు కాల్చి అమ్మే గుజరాతీ ఆవిడ. బాగుంటే ఇకపై ఎప్పుడూ అమ్మ దగ్గరే తీసుకుంటానని ఆ ఏడు మొదటిసారి ఒక డబ్బా అడిగింది.

అమ్మకు తోడు రాజవ్వ చిన్నమ్మ. బంధువు కాదు, తెలంగాణలో మా జిల్లా మనిషి. ఆమె భర్త, మా నాన్న ఒకే షెడ్డులో మరమగ్గాలు నడిపేవారు. పిల్లలు లేని ఆమెకు మా గడపే పొద్దుపోయే చోటు. రోట్లో చక్కెర దంచడం ఆమె పని... గులాబీ రేకులు ఆరబెట్టి కలపడం నా పని.

రేకులు నీడన మూడు రోజులు ఆరాలి. ముసురు పట్టింది, పదేళ్ల నాకు ఓపిక లేదు. నాన్నకు అన్నం డబ్బా ఇవ్వడానికి వెళ్లినప్పుడు, రేకులను కాగితం మీద పరిచి మగ్గం మోటారుపై పెట్టాను. గంటలో కరకరలాడాయి. ఇంటికి పరుగెత్తి, ఆ వేడి మీదే చక్కెరలో నలిపి మూత బిగించాను.

"అప్పుడే ఎండినయా బిడ్డా?" అని చిన్నమ్మ డబ్బా అందుకుంటూ అడిగింది. తలూపాను.

ఆహార పదార్థాల నిల్వను పరీక్షించడమే నేడు నా వృత్తి. వేడిమీద రేకు పైకి పెళుసుగానే ఉంటుంది, లోపలి చెమ్మ పోదు. చల్లారకముందే మూత పెడితే ఆ ఆవిరినంతా చక్కెర పీల్చుకుంటుంది. అప్పుడు ఇదేదీ తెలియదు...

నాలుగో రోజున హంసాబెన్ డబ్బా తిరిగి తెచ్చింది. చక్కెర ముద్దకట్టి, పులిసిన వాసన వేస్తోంది. ఆమె కసరలేదు. "యే నహీ చలేగా, బెన్" అని, ఇది పనికిరాదన్నట్టు గడప మీద పెట్టి వెళ్లిపోయింది.

అమ్మ డబ్బా తీసుకుని, చిన్నమ్మ వైపు తిరిగింది.

"రోలు కడిగి తుడువకుంటనే దంచినవా ఏంది రాజవ్వా? ముచ్చట్ల మీదున్న సోయి జర పని మీద గూడ ఉండాలె."

చిన్నమ్మ నా వైపు ఒక్కసారి చూసింది. నేను పుస్తకంలోకి తల దించుకున్నాను.

"అయ్యుంటది అక్కా," అంది.

మరునాడు ఆమె రాలేదు. అమ్మ పిలవలేదు. కొన్నాళ్లకు చిన్నమ్మ వాళ్లు ఊరి చివర కామ్‌రేజ్ వైపు ఇల్లు మారారని నాన్న చెప్పాడు. "పోతున్ననని ఒక్క మాట గూడ జెప్పకపాయె," అని అమ్మ నొచ్చుకుంది. అప్పుడైనా నేను నోరు విప్పలేదు...

ఇన్నేళ్లకు, గత నెలలో వెతుక్కుంటూ వెళ్లి చిన్నమ్మను కలిశాను. జరిగిందంతా చెప్పాను.

"నాకెర్కనే బిడ్డా. డబ్బా పట్టుకుంటే ఎచ్చగ ఉండె. చిన్నపిల్లవు, మీ అమ్మ కొడ్తదని ఊకున్న." మళ్లీ తనే అడిగింది. "మరి మీ అమ్మకు జెప్పినవా?"

లేదన్నాను. ఆమె ఇంకేమీ అడగలేదు. అదే నన్ను ఎక్కువగా బాధించింది.

ఇప్పుడు ఇటువంటి చక్కెరలు అందమైన సీసాల్లో దుకాణంలోనే దొరుకుతున్నాయి. పాడైతే పారేసి మరొకటి కొంటాం. ఎవరినీ ఒక మాట అనే పనిలేదు... మన కోసం ఆ మాట పడే మనిషీ పక్కన లేరు.

ఈ ఆదివారం అమ్మకు చెప్పాలి. మీ తప్పును తమ మీద వేసుకుని మౌనంగా వెళ్లిపోయిన వారెవరైనా మీ చిన్నతనంలో ఉన్నారా? ఉంటే ఇక్కడ రాయండి... ముందు వారి దగ్గరికి వెళ్లి వచ్చాక రాసినా సరే.