గంటాయన పంతం

ఆ స్టేషన్‌ని మనుషుల కోసం కట్టారనుకుంటే పొరపాటే. రాళ్ళ కోసం కట్టారు. సున్నపురాయి గని ఉన్నంతకాలం గూడ్సు బళ్ళు వచ్చి రాయి మోసుకుపోయాయి. గని వట్టిపోగానే కంపెనీవాళ్ళు చేతులు దులుపుకుని వెళ్ళిపోయారు. మిగిలినవి రెండు గదులు, ఒక టికెట్ కిటికీ, ఏం పెట్టినా పన్నెండు కిలోల దగ్గరే ఆగే తూకం యంత్రం, కుళాయి ఉండి నీళ్ళు లేని తొట్టి. పొద్దున టౌనుకు ఒక పాసింజరు, సాయంత్రం తిరిగొచ్చేది కూడా అదే. ఈ మాత్రం భాగ్యానికే ఊళ్ళోవాళ్ళు పక్క ఊరివాళ్ళ ముందు మీసాలు మెలేసేవాళ్ళు.

నిజానికి అక్కడ పనికొచ్చే వస్తువు ఒక్కటే, స్తంభానికి వేలాడదీసిన మూరెడు రైలు పట్టా ముక్క. దాన్ని కొట్టేవాడు గంటాయన. కాగితాల్లో అతని ఉద్యోగానికి వేరే పేరేదో ఉంది, అది అతని పెళ్ళానికి కూడా గుర్తులేదు.

ఎనిమిదీ పదికి రావాల్సిన ఆ బండి ఏనాడూ ఎనిమిదీ పదికి రాలేదు. ఒకరోజు తొమ్మిదికి, ఒకరోజు పదిన్నరకు. అందుకని వెనక స్టేషన్లో బండి బయల్దేరిందని ఫోను రాగానే గంటాయన మూడు దెబ్బలు వేసేవాడు. అక్కణ్ణుంచి ఇరవై నిమిషాలు. అప్పుడే ఊరంతా బట్టలు మార్చుకుని, పిల్లల ముక్కులు తుడిచి, ఇళ్ళకు తాళాలేసి బయల్దేరేది. ముప్పై ఏళ్ళుగా అక్కడ ఎవరూ గడియారం చూసి రైలెక్కలేదు.

స్టేషన్ మాస్టర్లంటే గంటాయనకు మహా చులకన. పదకొండు మందిని చూశాడు. మంటలార్పే ఇసుక బకెట్లలో టమాటాలు పెంచినవాడొకడు, పచ్చజెండా పట్టుకుని నిలబడే గురకపెట్టినవాడొకడు.

"బండిని ఆపేది డ్రైవరు, జనాన్ని తెచ్చేది నేను. మధ్యలో ఈ టోపీగాళ్ళెందుకే?" అనేవాడు పెళ్ళాంతో.

"నీ గొప్పలు తర్వాత చెబుదువుగానీ, ముందు ఈ బుట్ట ఎత్తు" అనేది ఆమె. రోజూ అదే బండిలో టౌనుకెళ్ళి కూరగాయలు అమ్ముకొచ్చేది.

పన్నెండోవాడు దువ్విన తల చెదరని కుర్రమాస్టరు. వస్తూనే మైకు పెట్టించాడు. అందులో ఒకావిడ తియ్యగా ఏదో చెప్పేది. ఆ తీపి చివరి బెంచీ దాటితే ఒట్టు!

"ఇంకా ఈ ఇనపముక్కేంటయ్యా, పరువు తక్కువ? ముట్టుకున్నావంటే మెమో ఇస్తా" అన్నాడు మాస్టరు.

"చిత్తం సార్" అన్నాడు గంటాయన. సుత్తిని గోనెగుడ్డలో చుట్టి అలమరలో పడేశాడు.

ఇక చూడాలి ఆ ఊరి తిప్పలు! బండి కూత విన్నాకే లేచేవాళ్ళు, మూటలతో పరిగెత్తుకొచ్చి గార్డు పెట్టె వీపు చూసి తిట్టుకుంటూ వెనక్కిపోయేవాళ్ళు. గంటాయన లోలోపల చంకలు గుద్దుకున్నాడు. ముప్పై ఏళ్ళు కొడితే ఒక్క వెధవైనా బాగా కొట్టావన్నాడా? పరిగెత్తనీ, ఒళ్ళు తగ్గుతుంది. అతని పెళ్ళాం మాత్రం ఎనిమిదికే వచ్చి బుట్ట పక్కన కూర్చునేది.

రెండు నెలలకి పైనుంచి కబురొచ్చింది. ఫలానా రోజున ఒక ఆఫీసరొచ్చి ఎంతమంది ఎక్కుతున్నారో చూస్తాడు. పాతికమందికి తగ్గితే ఇక బండి ఆగదు.

ఆ రోజు ఆఫీసరు బెంచీ మీద ఒళ్ళో పుస్తకం పెట్టుకుని కూర్చున్నాడు. ప్లాట్‌ఫారం మీద ముగ్గురున్నారు. ఫోను మోగింది. మాస్టరు ఫోను పెట్టేసి ఆ ముగ్గుర్నీ మళ్ళీ లెక్కపెట్టాడు. గంటాయనను గోడ చాటుకు పిలిచాడు.

"ఇవాళ్టికి ఆ గంట కొట్టు."

"మెమో ఇస్తానన్నారు కదా సార్?"

"అబ్బా, అది వదిలెయ్. కొట్టు."

"నోటిమాట చెల్లదు సార్. గంట కొట్టమని కాగితం మీద రాసివ్వండి."

మాస్టరు ఆఫీసరు వైపు చూశాడు. కాగితం రాస్తే తన మైకు దండగని తానే ఒప్పుకున్నట్టు. చొక్కా సర్దుకుని వెళ్ళిపోయాడు. గంటాయనకు ప్రాణం లేచొచ్చింది.

పెళ్ళాం గబగబా వచ్చింది. "వాడితో నీ పంతమేంటయ్యా? కొట్టు. ఇంకా పావుగంటుంది, అందరూ వచ్చేస్తారు."

"వాడి పరువు పోనీ. నువ్వు నోర్మూసుకుని బండెక్కు" అని చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

బండొచ్చింది. ముగ్గురెక్కారు. అది కదిలాక మూటలతో ఊరు పరిగెత్తుకొచ్చింది.

"వీళ్ళెవరు?" అన్నాడు ఆఫీసరు.

"టైమంటే లెక్కలేని జనం సార్" అన్నాడు మాస్టరు. ఆఫీసరు పుస్తకం మూసేశాడు.

పరువు పోయిందెవరిది? మాస్టర్ని ఇరవై మైకులున్న టౌను స్టేషన్‌కి వేశారు. వాడు కోరుకున్నదే అది. ఇక్కడ కిటికీకి రేకు కొట్టారు. గంటాయనను పక్కనే రైల్వే గేటుకు మార్చారు. అతని పెళ్ళాం నెత్తిన బుట్టతో బస్సు కోసం మూడు మైళ్ళు నడవసాగింది. మొగుణ్ణి ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేదనిపించింది అతనికి.

ఒకరోజు గేటు దగ్గర ఫోను మోగి, బండి బయల్దేరిందన్నారు. ఏం బుద్ధి పుట్టిందో, గంటాయన స్టేషన్‌కి పోయి అలమరలోంచి సుత్తి తీసి మూడు దెబ్బలు వేశాడు. తన గంట పవరేమిటో తన కళ్ళతో చూడాలనిపించింది.

ఇరవై నిమిషాలు కాకముందే ప్లాట్‌ఫారం నిండింది. "మళ్ళీ ఆపుతున్నారటగా!" అనుకుంటున్నారు. లెక్కపెట్టాడు. యాభై ముగ్గురు. ఛాతీ పొంగింది.

బండి వచ్చింది. వేగం కూడా తగ్గించకుండా దుమ్ము లేపుకుంటూ వెళ్ళిపోయింది.

యాభై ముగ్గురూ కళ్ళు తుడుచుకుని అతని వైపు తిరిగారు. తాను ముప్పై ఏళ్ళు మాస్టర్లను చూసిన చూపే అది. ఒకడు తుపుక్కున ఉమ్మి వెనక్కి తిరిగాడు, మిగతావాళ్ళూ కదిలారు.

పెళ్ళాం బుట్ట అతని ముందు పెట్టింది.

"ఎత్తు. బస్సు పోతుంది" అంది. నెత్తిమీద సర్దుకున్నాక, నాలుగడుగులేసి ఆగింది.

"ఆ రోజు కొట్టాల్సింది" అని చెప్పి నడిచిపోయింది.